వరంగల్‌లో రూన్ మ్యూజిక్ సర్వర్: అప్‌డేట్‌కు ముందు, అప్‌డేట్ తర్వాత

లక్షలు పెట్టి మ్యూజిక్ సర్వర్ (మన పాటలన్నీ దాచి ఇంట్లోని ప్లేయర్లకు అందించే పెట్టె) కొనేటప్పుడు షాపులో అడిగే ప్రశ్నలన్నీ పెట్టె చుట్టే తిరుగుతాయి. పవర్ సప్లై ఎలాంటిది, ఎస్ఎస్‌డీ ఎంత, ఫ్యాన్ ఉందా లేదా, బాడీ అల్యూమినియమేనా. నాలుగేళ్లు గడిచాక ఆ పెట్టె పనికొస్తుందా, షోకేసులో బొమ్మలా మిగిలిపోతుందా అన్నది తేల్చేది మాత్రం అందులోని సాఫ్ట్‌వేర్. స్క్వీజ్‌బాక్స్ ప్లేయర్ల తయారీని లాజిటెక్ 2012లోనే ఆపేసింది. 2024లో వాటి ఆన్‌లైన్ సర్వీసు కూడా మూతపడింది. అయినా అవి ఇప్పటికీ పాడుతున్నాయి. వాటిని నడిపే సర్వర్ ప్రోగ్రామ్ ఓపెన్ సోర్స్ కావడంతో దాన్ని నమ్ముకున్నవాళ్లే లిరియన్ మ్యూజిక్ సర్వర్ అని పేరు మార్చి ముందుకు తీసుకుపోతున్నారు. ఇన్నుయోస్ కంపెనీ సర్వర్ పెట్టెలు మొదట్లో ఇదే ప్రోగ్రామ్ మీద, బయటివాళ్ల యాప్‌లతో నడిచేవి. 2021లో ఇన్నుఓఎస్ 2.0 వచ్చాక అవే పెట్టెలకు సెన్స్ అనే సొంత యాప్ దొరికింది. ఇనుము అదే, వాడకం పూర్తిగా మారిపోయింది.

ఈ సమీక్ష రూన్ అనే మ్యూజిక్ సర్వర్ సాఫ్ట్‌వేర్ మీద. ధ్వని గురించి పెద్దగా చెప్పేది లేదు, బాగుంటుంది. అప్‌డేట్ వచ్చిన రోజు మన లైబ్రరీ చెక్కుచెదరకుండా మిగులుతుందా, వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ లాంటి చోట్ల కరెంటుతో, నెట్టుతో, తెలుగు పేర్లతో అది ఎలా నెగ్గుకొస్తుంది అన్నదే ఇక్కడ చూసింది.

రూన్ 2015లో మొదలైంది. 2023 నవంబరులో ఆడియో కంపెనీ హర్మాన్ కొనేసింది. హర్మాన్ శామ్‌సంగ్ చేతిలోది. దీన్ని నడపడానికి రెండు దారులున్నాయి. ఒకటి కంపెనీ అమ్మే న్యూక్లియస్ పెట్టె. 2024లో వచ్చిన న్యూక్లియస్ వన్ ధర అప్పట్లో 499 డాలర్లు. పాటల డిస్క్ అందులో రాదు, మనమే వేసుకోవాలి. రెండోది రాక్. ఇది ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్, ఎన్‌యూసీ అనే చిన్న కంప్యూటర్‌లో ఎక్కించుకోవాలి. ఇంటెల్ 2023లో ఎన్‌యూసీ తయారీ నుంచి తప్పుకుంది, ఇప్పుడు ఆ పని ఏసస్ చూస్తోంది. హనుమకొండ కంప్యూటర్ షాపులో ఆర్డరిస్తే తెప్పిస్తారు. కోర్ ఐ3, 8 జీబీ ర్యామ్, 128 జీబీ ఎం.2 ఎస్ఎస్‌డీ చాలు. పాటలకు వేరే 2.5 అంగుళాల సాటా డిస్క్ పెట్టాలి, ఎందుకంటే ఓఎస్ ఉన్న డిస్క్‌లో పాటలు దాచుకోనివ్వదు. సీడీ నుంచి తీసిన ఒక ఫ్లాక్ (నాణ్యత తగ్గకుండా కుదించే ఫైలు రకం) ఆల్బమ్ సుమారు 350 ఎంబీ అనుకుంటే వెయ్యి ఆల్బమ్‌లకు 350 జీబీ. 1 టీబీ డిస్క్ చాలాకాలం వస్తుంది. ఆల్బమ్‌లు 10 వేలు, పాటలు లక్ష దాటితేనే ఐ7, 16 జీబీ గురించి ఆలోచించాలి.

రాక్‌కు వైఫై లేదు. రౌటర్ నుంచి లాన్ కేబుల్ లాగాల్సిందే. ఇంకో మెలిక కూడా ఉంది: ఎంపీ3, ఏఏసీ పాడించే కోడెక్ దాంతో రాదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత ప్రోగ్రామ్ 64 బిట్ లైనక్స్ స్టాటిక్ బిల్డ్ దింపుకుని, విప్పి, అందులో ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఒక్క ఫైలును మాత్రమే సర్వర్ డేటా షేర్‌లోని కోడెక్స్ ఫోల్డర్‌లో వేసి రీస్టార్ట్ చేయాలి. మొత్తం ఫోల్డర్‌ను తీసుకుపోయి పడేస్తే గుర్తుపట్టదు. ఫ్లాక్ పాటలు పాడుతూ, ఇంటర్నెట్ రేడియో మాత్రం మూగబోయిందంటే కారణం ముందు ఇక్కడే వెతకాలి.

కరెంటు, ఎండ, నెట్టు

సర్వర్ డేటాబేస్‌కు అన్నిటికంటే పెద్ద శత్రువు డేటా రాసుకుంటున్న మధ్యలో కరెంటు పోవడం. మే నెల ఈదురుగాలులకు సాయంత్రం పూట కరెంటు ఎగిరిపోయే ఊళ్లు మనవి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు. మామూలు మోడ్‌లో ఇన్వర్టర్ మారడానికి 40 మిల్లీసెకన్ల దాకా పడుతుంది, ఆ కాస్త సందులోనే ఎన్‌యూసీ ఆరిపోవచ్చు. చాలా ఇన్వర్టర్ల వెనకో ముందో యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటుంది. దాన్ని అటు వేస్తే మార్పిడి 10 మిల్లీసెకన్ల దరిదాపులకు వస్తుంది. ఆ స్విచ్ లేకపోతే 600 వీఏ చిన్న యూపీఎస్ సరిపోతుంది, ఎన్‌యూసీ తాగే కరెంటు చాలా తక్కువ. అదే యూపీఎస్ మీద రౌటర్, ఫైబర్ పెట్టె కూడా ఉండాలి. సర్వర్ బతికుండి నెట్ పోతే అప్‌డేట్ డౌన్‌లోడ్ మధ్యలో ఆగుతుంది. అప్‌డేట్ పెట్టే రోజు పొద్దున్నే పేపర్ జిల్లా పేజీలో ‘నేడు విద్యుత్ అంతరాయం’ జాబితా ఒకసారి చూసుకోండి. మీ ఫీడర్ పేరుంటే ఆ రోజు వద్దు.

ఎండ సంగతీ అంతే. 44 డిగ్రీలు దాటే ఊళ్లో టీవీ కింద మూసిన చెక్క అరలో సర్వర్ పెడితే ఎస్ఎస్‌డీ వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది. పెద్ద అప్‌డేట్ తర్వాత లైబ్రరీని తిరిగి లెక్కగట్టేటప్పుడు ప్రాసెసర్ గంటల తరబడి పనిచేస్తుంది కాబట్టి అసలు వేడి అప్పుడే. అర వెనక పలక తీసేయండి, లేదా బయట పెట్టండి. పత్తి సీజన్‌లో మార్కెట్ చుట్టుపక్కల ఇళ్లయితే ఎన్‌యూసీ జాలీకి పట్టిన నూగును నెలకోసారి మెత్తని బ్రష్‌తో దులపాలి. న్యూక్లియస్‌కు ఫ్యాన్ లేదు గనుక ఈ బాధ దానికి తక్కువ. ఈ ఒక్క విషయంలో దాని ధర న్యాయమే అనిపిస్తుంది.

నెట్టులో దెబ్బతీసేది సీజీనాట్, అంటే ప్రొవైడర్ ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లకు కలిపి వాడటం. ఇంటి బయట ఫోన్‌లో మన లైబ్రరీ వినిపించే ఆర్క్ యాప్ 55000 పోర్ట్ మీద నడుస్తుంది. రౌటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ చూడండి. అది 100.64 నుంచి 100.127 లోపు అంకెలతో మొదలైతే మీకు సొంత పబ్లిక్ ఐపీ లేనట్టే. పోర్ట్ ఫార్వర్డింగ్ ఎన్నిసార్లు చేసినా ఫలితం ఉండదు. ప్రొవైడర్‌ను అడిగి స్టాటిక్ ఐపీ తీసుకోవాలి, లేదా టెయిల్‌స్కేల్ అనే వీపీఎన్ పెట్టుకోవాలి. అప్‌డేట్ ఎర్రర్ చూపించినా, లాగిన్ కాకపోయినా ముందు రౌటర్‌లో డీఎన్ఎస్ మార్చి చూడండి. ప్రొవైడర్ ఇచ్చినదాని బదులు 1.1.1.1 లేదా 8.8.8.8 వేస్తే సగం ఫిర్యాదులు అక్కడికక్కడే తీరతాయి.

మన పేర్లు ఎక్కడ దాగి ఉన్నాయి

రూన్ కొన్నవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే, కానీ చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. రూన్ మన ఫైళ్లను ముట్టుకోదు. యాప్‌లో కూర్చుని సరిదిద్దిన పాట పేరు, గాయకుడి పేరు, అట్ట బొమ్మ, ప్లేలిస్టు, మనసు పడ్డ పాటకు పెట్టిన గుండె గుర్తు, అన్నీ దాని డేటాబేస్‌లో మాత్రమే ఉంటాయి. ఫైలు మాత్రం మొదటి రోజు ఎట్లా ఉందో అట్లాగే ఉంటుంది. ఇందులో మంచీ ఉంది, సాఫ్ట్‌వేర్ తప్పు చేసినా పాట చెడదు. కానీ డేటాబేస్ పాడైనా, రేపు వేరే సర్వర్‌కు మారినా, నెలల తరబడి చేసిన తెలుగు పని మొత్తం గాలికి పోతుంది.

ఇంగ్లిష్ ఆల్బమ్‌లకు ఇది పెద్ద ఫికర్ కాదు. మ్యూజిక్‌బ్రెయిన్జ్ లాంటి ఆన్‌లైన్ పాటల డేటాబేస్‌ల నుంచి వివరాలు తిరిగి వచ్చేస్తాయి. మన పాత సినిమా పాటలకు, కాసెట్ల నుంచి ఎక్కించిన చుక్క సత్తయ్య ఒగ్గుకథకు అక్కడ దొరికేది తక్కువ, దొరికినా తప్పులు. ఘంటసాల గాయకుడూ, సంగీత దర్శకుడూ. ఒక ఫైలులో ‘ఘంటసాల’, ఇంకోదాంట్లో ‘ఘంటసాల వెంకటేశ్వరరావు’, మూడోదాంట్లో ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటే రూన్‌కు వాళ్లు ముగ్గురు మనుషులు. యాప్‌లో ముగ్గురినీ కలిపేయవచ్చు, కానీ ఆ కలపడం కూడా డేటాబేస్‌లోనే ఉండిపోతుంది.

అందుకే శ్రమ అంతా ఫైలులో పెట్టాలి. ఎంపీ3ట్యాగ్ అనే ఉచిత ప్రోగ్రామ్ (పేరుకే ఎంపీ3, ఫ్లాక్‌కూ పనిచేస్తుంది) తీసుకుని ఆల్బమ్ ఆర్టిస్ట్‌లో సంగీత దర్శకుడు, ఆర్టిస్ట్‌లో గాయకులు, కంపోజర్‌లో మళ్లీ సంగీత దర్శకుడు, లిరిసిస్ట్‌లో పాట రాసినవారు రాయండి. యుగళగీతానికి ఇద్దరు గాయకుల మధ్య కామా పెట్టకండి, రెండు బ్యాక్‌స్లాష్‌లు పెట్టండి. అప్పుడు ఎంపీ3ట్యాగ్ వాళ్లను రెండు వేర్వేరు విలువలుగా రాస్తుంది, ఏ సర్వర్ అయినా ఇద్దరిగానే చదువుతుంది. కామా పెడితే ‘ఘంటసాల, పి.సుశీల’ అనే కొత్త మనిషి పుడతాడు. ట్యాగులు రాసి ముగించాక రూన్‌లో ఆ ఆల్బమ్ ఎడిట్‌లోకి వెళ్లి పేరు, క్రెడిట్లకు ‘ప్రిఫర్ ఫైల్’ ఎంచండి. లేకపోతే వెనకాల నడిచే మెటాడేటా ఇంప్రూవర్ ఏదో ఒకనాడు తన వివరాలను తెచ్చి పైన కప్పుతుంది. దానికి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కూడా అక్కర్లేదు.

తెలుగు ఫోల్డర్ పేర్లలో ఇంకో సూక్ష్మమైన చిక్కు ఉంది, తెలియకపోతే బుర్ర తిరిగిపోతుంది. ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు: ఒకే కోడ్‌గా, లేదా పైన ఎత్వం, కింద దాని తోక అని రెండు కోడ్‌లుగా. కంటికి రెండూ ఒకటే. పాత మ్యాక్ డిస్క్‌లు పేర్లను విడగొట్టి రెండో పద్ధతిలో దాస్తాయి, విండోస్‌లో టైప్ చేసినవి ఒకే కోడ్‌తో ఉంటాయి. మ్యాక్ నుంచి ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రామ్‌తో సర్వర్‌కు పంపితే ‘రైతు పాటలు’ ఫోల్డర్లు రెండు పక్కపక్కన కనపడతాయి. అక్షరం తేడా ఉండదు, కానీ లైనక్స్‌కు అవి వేర్వేరు. ‘పల్లె పాటలు’ ఒక్కటే ఉంటుంది, ఎందుకంటే అందులో ఐత్వం లేదు. ఆల్బమ్‌లు రెట్టింపైతే, బ్యాకప్ ప్రతిసారీ కొన్ని ఫోల్డర్లనే మొదటి నుంచి కాపీ చేస్తుంటే, ఆ పేర్లలో ‘రై’, ‘జై’, ‘హై’ ఉన్నాయేమో చూడండి. పంపేటప్పుడే ఆర్‌సింక్‌లో ఐకాన్వ్ ఆప్షన్ వాడాలి. ఇప్పటికే చేరిపోయినవాటిని లైనక్స్ కంప్యూటర్ నుంచి కాన్వ్‌ఎంవీ ప్రోగ్రామ్‌తో, ఎన్ఎఫ్‌సీ (ఒకే కోడ్‌గా కలిపే) ఆప్షన్ పెట్టి ఒక్కదెబ్బకు సరిచేయవచ్చు. మొదట అది ఉత్తినే చూపిస్తుంది, నిజంగా పేర్లు మార్చాలంటే ‘నోటెస్ట్’ అని చెప్పాలి.

అప్‌డేట్ రోజు

మొదటి రోజే ఎక్కించకండి. దీనికి రూన్ చరిత్రే సాక్ష్యం. 2022 సెప్టెంబరులో 2.0 వచ్చినప్పుడు ఆర్క్ తెచ్చింది, దాంతోపాటు ఇంటర్నెట్ ఎప్పుడూ ఉండి తీరాలనే షరతూ తెచ్చింది. రోడ్డు తవ్వకాల్లో ఫైబర్ తెగిందంటే ఇంట్లో ఉన్న సొంత పాటలకూ ఇబ్బందే. గొడవ పెద్దదై, కొన్ని నెలలకు నెట్ లేకుండా పాడే వీలు తిరిగి ఇచ్చారు. ఈలోపు ఆగదలచుకున్నవాళ్లకు 1.8 లెగసీ అని వేరే దారి ఉంచారు. పది రోజులు ఆగినవాళ్లకు ఏది ఎంచుకోవాలో తెలిసింది, ఆ రాత్రే ఎక్కించినవాళ్లకు వెనక్కి రావడం కష్టమైంది. డేటాబేస్ ముందుకే పోతుంది, వెనక్కి రాదు. కొత్త వెర్షన్‌లో తీసిన బ్యాకప్‌ను పాత వెర్షన్ తీసుకోదు. ‘ఎర్లీ యాక్సెస్’ ప్రయోగానికీ ఇదే నియమం. అందులో చేరితే బయటికొచ్చేది పాత బ్యాకప్‌తోనే, మధ్యలో చేసిన మార్పులు పోయినట్టే.

రిలీజ్ నోట్స్ చదివి, పది రోజులు చూసి, ఎక్కిద్దామని అనుకున్నాక సెట్టింగ్స్‌లోని బ్యాకప్స్‌కు వెళ్లండి. ఆటోమేటిక్ బ్యాకప్ ఉందిలే అని వదిలేయకుండా చివరిది ఎప్పుడు సక్సెస్ అయిందో చూడాలి. డేటాబేస్‌లో ముందే పగులు ఉంటే బ్యాకప్ ఫెయిలవుతూ ఉంటుంది, ఎవరూ చూడరు. తర్వాత యూఎస్‌బీ డ్రైవ్‌కు ఒకటి ‘బ్యాకప్ నౌ’ కొట్టండి. ఈ బ్యాకప్ ఫోల్డర్ పాటల ఫోల్డర్ లోపల ఉండకూడదు, రూన్ దాన్నీ పాటల కోసం వెతుకుతూ కూర్చుంటుంది. డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసుకుంటే ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకుంటుంది. ఆ ఫోల్డర్‌ను మొత్తంగా ఇంకో కంప్యూటర్‌లోకి కాపీ చేసి పెట్టండి. గుర్తుంచుకోండి, ఈ బ్యాకప్‌లో పాటలు ఉండవు, పాటల డిస్క్‌కు వేరే కాపీ ఉండాలి. చివరగా రీస్టోర్ పేజీ తెరిచి ఇవాళ్టి తేదీ అక్కడ కనపడుతోందో లేదో చూడండి. కనపడని బ్యాకప్ లేనట్టే.

ఇంకో రెండు నిమిషాల పని: ఒక ఫ్లాక్ పాట పెట్టి, అది ఏ మార్పులతో పాడుతోందో చూపే సిగ్నల్ పాత్ చుక్కను నొక్కండి. ఊదా రంగులో లాస్‌లెస్ అని ఉండాలి. అప్‌డేట్ తర్వాత అదే పాటకు నీలమో ఆకుపచ్చో కనపడితే వాల్యూమ్ లెవెలింగో, డీఎస్‌పీయో (ధ్వనిని మార్చే సెట్టింగులు) ఎక్కడో ఆన్ అయి ఉంది. ‘కొత్త వెర్షన్‌లో శబ్దం మారింది’ అని వాదించుకునే ముందు ఈ చుక్క చూస్తే చాలు.

అప్‌డేట్‌కు ముందు సర్వర్‌ను ఒకసారి రీబూట్ చేయండి. ముందు సర్వర్, ఆ తర్వాత ఫోన్లు, టాబ్లెట్లు. రెండు పక్కలా వెర్షన్ కలవకపోతే రిమోట్ కనెక్ట్ కాదు. ఇక్కడే పాత ఐప్యాడ్‌లు చిక్కుతాయి. ఐఓఎస్ ఇక పెరగని ఐప్యాడ్‌కు కొత్త రూన్ యాప్ దొరకదు. హాల్లో రిమోట్‌గా వాడేది అదొక్కటే అయితే ముందే యాప్ స్టోర్‌లో కనీస వెర్షన్ చూసుకోవాలి. ఎక్కిన తర్వాత అరగంట దాకా చెయ్యి పెట్టకండి. తిరిగే చక్రం చూసి ఆగమాగమై ప్లగ్ పీకడమే ఎక్కువ డేటాబేస్‌ల ప్రాణం తీస్తుంది.

అప్పటికీ రాకపోతే కంప్యూటర్ బ్రౌజర్‌లో సర్వర్ ఐపీ కొట్టండి, రాక్ సొంత పేజీ వస్తుంది. అక్కడ రెండు బటన్లు ఉంటాయి, జర పదిలం. ఆపరేటింగ్ సిస్టమ్ రీఇన్‌స్టాల్ అనేది లైబ్రరీని ఉంచి సిస్టమ్‌ను మాత్రం తిరిగి వేస్తుంది. డేటాబేస్, సెట్టింగ్స్ రీసెట్ అనేది పేరుకు తగ్గట్టే అంతా తుడిచేస్తుంది. కోపంలో నొక్కాల్సిన పేజీ కాదది. ఇంటర్నల్ డిస్క్ ఫార్మాట్ కూడా అక్కడి నుంచే, అది నొక్కితే పాటలూ పోతాయి.

రీస్టోర్ చేశాకో, కొత్త ఎన్‌యూసీకి మారాకో జరిగే పెద్ద తప్పు ఇంకొకటి. పాటల డిస్క్ దారి మారి ఆల్బమ్‌లు కనపడవు. వెంటనే ‘యాడ్ ఫోల్డర్’ కొట్టి అదే డిస్క్‌ను కొత్తగా చేరుస్తారు. రూన్ లెక్కలో అవి ఇవాళ పుట్టిన పాటలు: ప్లేలిస్టులు ఖాళీ, గుండె గుర్తులు మాయం. చేయాల్సింది స్టోరేజ్‌లో పాత ఫోల్డర్ పక్కన చుక్కలు నొక్కి ఎడిట్ చేసి, దారిని కొత్త చోటికి తిప్పడం. అది కుదిరేదాకా లైబ్రరీ క్లీనప్ జోలికి అసలు పోవద్దు. డిస్క్ ఊడి ఉండగా క్లీనప్ నడిపితే కనపడని పాటల మీద చేసిన మార్పులన్నీ నిజంగానే చెరిగిపోతాయి.

ఒక్కోసారి రూన్‌ను అనవసరంగా తిడతారు, తప్పు విండోస్‌ది. విండోస్ 11 24హెచ్2 అప్‌డేట్ తర్వాత పాస్‌వర్డ్ లేని నెట్‌వర్క్ షేర్లు తెరుచుకోవడం మానేశాయి. ఎస్ఎంబీ (నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పద్ధతి) సైనింగ్ తప్పనిసరైంది, గెస్ట్ లాగిన్‌ను అడ్డుకుంటోంది. సర్వర్ పాడుతూనే ఉంటుంది, కంప్యూటర్ నుంచి కొత్త పాటలు వేద్దామంటే మాత్రం ఫోల్డర్ తెరుచుకోదు. పవర్‌షెల్‌ను అడ్మిన్‌గా తెరిచి ఆ రెండు నియమాలను సడలించొచ్చు, కానీ ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వద్దు. పాటల డిస్క్‌ను యూఎస్‌బీ డ్రైవ్‌గా వాడుతుంటే దాన్ని తీసి కంప్యూటర్‌కే తగిలించి కాపీ చేయడం అంతకంటే క్షేమం.

కొనాలా?

పాటల సేకరణ కొన్ని వందల ఆల్బమ్‌లు దాటి, ఇంట్లో రెండు మూడు గదుల్లో వినేవాళ్లకు రూన్ అంత సౌకర్యం ఇంకోదాంట్లో లేదు. ఒక పాట నుంచి గాయకుడికి, అక్కడి నుంచి సంగీత దర్శకుడికి తిరగడంలోనే సాయంత్రాలు గడిచిపోతాయి. ట్యాగులు సరిగ్గా ఉంటేనే ఆ సుఖం. చేతులతో పని చేసుకోగలవాళ్లకు ఎన్‌యూసీలో రాక్ మంచిది, పాడైతే విడిభాగాలు హనుమకొండలోనే దొరుకుతాయి. ఫ్యాన్ చప్పుడు, దుమ్ము వద్దనుకుంటే న్యూక్లియస్ వన్, కానీ రిపేరు వస్తే కనీసం హైదరాబాద్ దాకా పంపాలి. నెలనెలా డబ్బు కట్టడం ఇష్టం లేనివాళ్లు రాస్ప్‌బెర్రీ పై 4 మీద లిరియన్ పెట్టుకోండి. అందం తక్కువ, ఫైలులోని ట్యాగులను ఉన్నదున్నట్టు చూపిస్తుంది, చందా లేదు.

రూన్ చందా నెలకు 14.99 డాలర్లు, ఏడాదిది ఒకేసారి కడితే నెలకు 12.49 పడుతుంది, జీవితకాలం లైసెన్సు 829.99. కార్డు బ్యాంకు తీసుకునే ఫారెక్స్ మార్కప్ దీనికి అదనం. 2021 అక్టోబరు 1 నుంచి ఆర్‌బీఐ పెట్టిన ఈ-మాండేట్ నిబంధనల వల్ల విదేశీ కంపెనీల నెలసరి ఆటో డెబిట్ కొన్ని బ్యాంకు కార్డుల మీద ఫెయిలవుతుంది. చందా తప్పితే రూన్ పాడటం ఆపేస్తుంది. అందుకని నెలసరి కంటే ఏడాదిదే మేలు, గడువు తేదీకి వారం ముందు క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. జీవితకాలం లైసెన్సుకు మాత్రం తొందరపడొద్దు. ఏడాది చందాతో నడిపి, మీ ఇంటి కరెంటు మీద, మీ నెట్టు మీద, మీ తెలుగు ట్యాగులతో కనీసం ఒక పెద్ద అప్‌డేట్ దాటించి, బ్యాకప్ నుంచి ఒకసారి రీస్టోర్ కూడా చేసి చూసి, ప్లేలిస్టులు యథాతథంగా వచ్చాకే ఆ డబ్బు కట్టండి.